తాడుకు అవతలి కొస

ఎత్తైన మేడలకు బయటి గోడల మీద రంగు వేసేవాళ్ల బతుకంతా ఒక చెక్క పలక మీద. ఆ పలకకు రెండు పక్కలా కట్టిన తాళ్లు పైన ఒకటై డాబా మీదికి పోతాయి. డాబా మీద ఒక ఇనుప గుంజ ఉంటుంది. గుంజకు చుట్లు తిప్పిన తాడు కొస ఇంకొక మనిషి చేతిలో ఉంటుంది. కింద వేలాడేవాడు గోడకు రంగు వేస్తాడు, పైనున్నవాడు కొంచెం కొంచెంగా తాడు వదులుతాడు. వీధిలో పోయేవాళ్లకు అదేదో ఉయ్యాల ఊగుతున్నట్టు ముచ్చటగా ఉంటుంది. ఊగేవాడి సంగతి ఊగేవాడికే తెలుసు.

ఆ పలక మీద కూర్చునే జుట్టు నెరిపించుకున్నాడు మన మనిషి. ఏ మేడకు పని ఒప్పుకున్నా, అక్కడి పిల్లలు పొద్దున కళ్లు నులుముకుంటూ కిటికీ తెరిచేసరికి గాల్లో ఒకాయన కూర్చుని కనిపించేవాడు. పిల్లలకు అంతకన్నా వింత ఏముంటుంది? ‘ఉయ్యాల మామయ్యా’ అని పిలిచేవాళ్లు. ఆ పేరు వాళ్ల నుంచి పెద్దవాళ్లకు పాకింది, పెద్దవాళ్ల నుంచి మేస్త్రికి పాకింది. కన్నవాళ్లు పెట్టిన పేరు ఆయనకే అప్పుడప్పుడు గుర్తు తెచ్చుకోవలసి వచ్చేది.

కిటికీల పుణ్యమా అని ఆయనకు తెలియని కాపురం లేదు. నిన్న ఒకరి ముఖం ఒకరు చూసుకోని మొగుడూ పెళ్లాం ఇవాళ ఒకే పళ్లెంలో తింటుంటే, గోడవైపు తిరిగి నవ్వుకునేవాడు. చూసీ చూడనట్టు ఉండడం ఆయన బ్రష్ పట్టడం కన్నా ముందు నేర్చుకున్న విద్య. ఇన్ని ఇళ్ల లోపల చూసినవాడికి సొంతానికి ఉన్నది మధ్యలో అడ్డుగోడ కట్టుకున్న ఒక్కటే గది, అందులో భార్య, ఆమె తమ్ముడు.

ఆ తమ్ముడు, అంటే ఈయన బావమరిది, అక్క కాపురానికి వచ్చినప్పుడు ఆమె కొంగు పట్టుకునే వచ్చాడు. వాళ్లకు అమ్మానాన్నా లేరు. వచ్చిన కొత్తలో పిల్లవాడికి చీకటంటే హడల్. దీపం ఆర్పగానే గోడ అవతల నుంచి, “అక్కా, ఉన్నావా?” అనేవాడు. “ఉన్నా, పడుకో” అని ఆమె అనేది. మళ్లీ కాసేపటికి, “ఉన్నావా?” మళ్లీ “ఉన్నా.” ఒకోసారి ఆమె నిద్రలోకి జారిపోతే బావే గొంతు మార్చి “ఉన్నా” అనేవాడు. వాడు పడీ పడీ నవ్వేవాడు. నవ్వుతూ నిద్రపోయేవాడు.

పెద్దయ్యాక వాణ్ణి తన పనిలోకే తెచ్చుకున్నాడు. బావ కింద, బావమరిది పైన. తాడు పనివాళ్లలో ఒక్కో జంటకు ఒక్కో సైగ ఉంటుంది. కొందరు ఈల వేస్తారు, కొందరు తాడు లాగి చెబుతారు. వీళ్లిద్దరికీ మాత్రం ఆ పాత పిలుపే అచ్చొచ్చింది. పలకకు ఒక కొక్కెం ఉంటుంది. రంగు వేసేంతసేపు దాన్ని కిటికీ ఊచకు తగిలించి, పలక కదలకుండా చూసుకుంటారు. ఆ భాగం అయిపోయాక కిందికి దిగాలంటే కొక్కెం తీసి ఒంటి బరువంతా తాడుకు అప్పగించాలి. పిట్టగోడ అడ్డం కాబట్టి పైన ఎవరున్నారో కనబడదు. అందుకని కొక్కెం మీద చెయ్యి వేసి, “ఉన్నావా?” అని అరిచేవాడు. “ఉన్నా!” అని పైనుంచి వినిపించాకే తీసేవాడు. ఆ మాట అనేవాడి రెండు చేతులూ తాడు మీద ఉండి తీరాలి. మిగతా ఏ విషయంలో కోతలు కోసుకున్నా సరే, ఆ ఒక్క మాట దగ్గర ఆటలు లేవు.

భార్య వేళాకోళం చేసేది. “మీ ప్రాణం వాడి చేతిలో, వాడి అన్నం మీ చేతిలో. ఇద్దరూ నా చేతిలో. కాబట్టి నోరు మూసుకుని చెప్పిన మాట వినండి.” ఆయన నిజంగానే నోరు మూసుకుని వినేవాడు. ఆయనకు దేవుడంటే గురి. గురి అంటే గంటల తరబడి కూర్చునే రకం కాదు. పొద్దున పలక ఎక్కే ముందు దాన్ని అరచేత్తో ఒకసారి తట్టి, “దేవుడా, తాడు నీది, రంగు నాది” అనేవాడు, అంతే. రంగు ఎక్కడైనా తేడా వస్తే తనను తాను తిట్టుకునేవాడు. తాడు గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

భార్య జబ్బు చేసి పోయింది. బావమరిదికి పెళ్లయి, వేరే వీధిలో కాపురం పెట్టాడు. అయినా మధ్యాహ్నం డబ్బా తెచ్చేవాడు, తాడు పట్టేవాడు. ఈయనకు ఈ లోకంలో మిగిలిన చుట్టరికం అంతా ఆ తాడుకు అవతలి కొసన ఉంది.

ఆ రోజు మేడ అన్నిటిలాంటి మేడే. కిటికీకొక సన్‌షేడ్, ప్రతి సన్‌షేడ్ చుట్టూ పలక తిప్పుకుని రంగు వేయడం చచ్చే చావు. పొద్దుటి నుంచి ఆయన వాటిని తిడుతూనే ఉన్నాడు. ఒక భాగం అయింది. కొక్కెం మీద చెయ్యి వేసి, “ఉన్నావా?” అన్నాడు. “ఉన్నా!” అని వినిపించింది. గొంతు ఎప్పటికన్నా దూరంగా ఉన్నట్టు అనిపించింది కానీ, అన్నేళ్ల నమ్మకం ముందు ఆ అనుమానం ఎంతసేపు నిలుస్తుంది? కొక్కెం తీసేశాడు.

తాడు అవతల ఎవరూ లేరు.

గుంజకున్న చుట్లు కాసేపు ఆపాయి, తర్వాత జారాయి. ఆయన వచ్చి ఒక సన్‌షేడ్ మీద పడ్డాడు. కాలు విరిగింది. ప్రాణం పోలేదు. పడుతూ ఒక్కసారి పైకి చూశాడు. డాబాకు ఆ చివరన పిట్టగోడకు ఆనుకుని, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని, వెనక్కి తిరుగుతున్న బావమరిది కనిపించాడు. అక్కడి నుంచే, అలవాటు కొద్దీ, “ఉన్నా” అన్నాడన్నమాట.

దాన్నయినా పొరపాటని మింగేవాడే. కాలికి కట్టుతో మంచం మీద ఉండగా మేస్త్రి వచ్చి, ముఖం ఎటో పెట్టి చెప్పాడు.

“ఏంటి మామా ఇది? తాగి పలకెక్కావంట. ‘ఆగు బావా, ఆగు’ అని వాడు మొత్తుకుంటున్నా కొక్కెం పీకేశావంట. నీ బావమరిదే చెప్పాడు. వాడు ఏడుస్తూ చెప్పాడు మామా.”

ఉయ్యాల మామయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. “వాడు ‘ఉన్నా’ అన్నాడయ్యా” అని మాత్రం అనగలిగాడు.

“అది ఎవరు విన్నారు మరి?” అన్నాడు మేస్త్రి.

మంచి ప్రశ్నే. విన్నది ముగ్గురు. ఒకడు అబద్ధం చెప్పాడు, ఒకడు మంచం మీద ఉన్నాడు. మూడోవాడు దేవుడు. ఆయన్ను సాక్ష్యానికి పిలిస్తే వస్తాడా? తాగుబోతు అన్న మాట అంటుకుంటే రంగు కన్నా గట్టిగా అంటుకుంటుంది. తాడు పనివాళ్లు వీధిలో ఎదురుపడితే ముఖం చాటేయడం మొదలుపెట్టారు. బావమరిది ఆ గడప తొక్కనే లేదు.

కాలు కుంటిగా అతుక్కుంది కానీ, భయం అతుక్కోలేదు. బల్బు మార్చాలని స్టూలు మీద ఒక కాలు పెట్టి, తీసేసి, దాని మీదే కూర్చుండిపోయాడు. మేఘాల్లో కూర్చుని టీ తాగిన మనిషికి స్టూలు కొండయింది. ఆ గది చీకటిగానే ఉండిపోయింది, పగలు కిటికీ వెలుతురుతో గడిపేవాడు. పళ్లెం ఒకటి, గ్లాసు ఒకటి. మధ్యాహ్నం డబ్బా మూత చప్పుడు ఎక్కడ వినిపించినా తల తిప్పి గుమ్మం వైపు చూసేవాడు. చూసి తన మీద తనకే మండేది.

మాట్లాడడానికి ఎవరూ లేక దేవుడితోనే పైకి మాట్లాడేవాడు. అది ప్రార్థన అని ఎవరూ అనరు, పేచీ అంటారు. “తాడు నీదన్నాను కదా? ముఖం మీదే చెప్పానే, రోజూ! ఎక్కడికి పోయావు ఆ పూట? నువ్వూ ఫోన్లో ఉన్నావా?” అనేవాడు. తర్వాత గొంతు తగ్గించి, చిన్నపిల్లవాడిలా, “ఉన్నావా?” అనేవాడు. గది పలకేది కాదు. ‘ఉన్నా’ అని పలికినవాడే అక్కడ లేకపోయె. అసలు పలకనివాడు ఉన్నాడని ఏం చూసి నమ్మాలి?

పక్క గదిలో బట్టలు కుట్టే ఆవిడకు గోడలోంచి అన్నీ వినిపించేవి. ఒకరోజు మిషన్ ఆపి తలుపు దగ్గరకు వచ్చింది.

“ఎవరితో అన్నయ్యా పొద్దుటి నుంచీ తగువు?”

“పని మీద ఒకాయనతోలేమ్మా.”

“ఆయన ఏమంటున్నాడు?”

“ఏమీ అనడు. అదే కదా గొడవ.”

ఆవిడ నోట్లోని గుండుసూదులు తీసి కొంగుకు గుచ్చుకుంది. “ఒక మాట అడుగుతా, కోప్పడకు. నువ్వు పడ్డావే, ఆ సన్‌షేడ్ ఎవరు పెట్టారు?”

“బిల్డరు పెట్టాడు. కిటికీలోకి వాన రాకుండా.”

“వాన కోసం పెట్టింది నీకెలా పనికొచ్చింది మరి?”

ఈయనకు ఒళ్లు మండింది. “అయితే కాలెందుకు విరిగింది?” అన్నాడు. “అది నాకేం తెలుసు? నేను జాకెట్లు కుట్టుకునేదాన్ని” అని ఆవిడ వెళ్లి మిషన్ తొక్కుకుంది. ఆ మాట మాత్రం ఈయన గదిలోనే ఉండిపోయింది. నమ్మకం కుదిరిందని కాదు. పేచీలో కాస్త పదును తగ్గింది, అంతే.

కడుపు ఊరుకోదు కదా. నేల మీద నిలబడి చేసే పనులు వెతుక్కున్నాడు. గేట్లు, కటకటాలు, మెట్ల పక్క కమ్మీలు. మేస్త్రి జాలిపడి ఒక కొత్త మేడ గేటు ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు, “గోడ పని నీ బావమరిది చేస్తున్నాడు, గొడవ పెట్టుకోకు మామా” అని ముందే చెవిన వేశాడు. ఇప్పుడు బావమరిది పలక మీద కూర్చుంటున్నాడు, పైన తాడుకు ఎవడో కొత్తవాడు.

ఉయ్యాల మామయ్య తల పైకెత్తకుండా గేటుకు రంగు వేసుకున్నాడు. పైనుంచి ఆ పిలుపు వినిపించేది. “ఉన్నావా?” కొత్తవాడు “ఆఁ, ఆఁ” అనేవాడు. అలా కాదురా పలకడం, అని బ్రష్‌తో ఇనప కమ్మీకి చెప్పుకునేవాడు. తమ ఇద్దరి మాటను వాడు ఇంకొకడికి ఇచ్చేసుకున్నాడు. కాలు కన్నా అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

ఆ మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆకాశం ఎర్రబారింది. గాలి దుమ్ము. వీధిలో రేకులు ఎగిరాయి, రంగు డబ్బాలు దొర్లాయి, పనివాళ్లంతా కళ్లు మూసుకుని మెట్ల కిందికి పరుగెత్తారు. ఆ పరుగెత్తుకొచ్చినవాళ్లలో డాబా మీది కొత్తవాడూ ఉన్నాడు.

“నువ్వు దిగొచ్చావేంట్రా? తాడు?” అని మేస్త్రి అరిచాడు.

“గుంజకు చుట్టేసొచ్చానండీ! అక్కడ నిలబడలేం, ఎగిరిపోతాం!”

అప్పుడు ఉయ్యాల మామయ్య తలెత్తాడు. పైన పలక తలుపులా కొట్టుకుంటోంది. బావమరిది ఒక చేత్తో తాడు, ఒక చేత్తో కిటికీ ఊచకు తగిలించిన కొక్కెం పట్టుకుని గోడకు గుద్దుకుంటున్నాడు. ఊచ వంగుతోంది. “ఉన్నావా?” అని అరిచాడు.

నిజం చెప్పుకోవాలి. ఆ క్షణాన ఈయన కడుపు చల్లబడింది. ఉండనీ. కాసేపు అలాగే ఉండనీ. ఎలా ఉంటుందో వాడికీ తెలియనీ. బ్రష్ గట్టిగా పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

“ఉన్నావా?” అని మళ్లీ వినిపించింది. ఈసారి గొంతు చీలిపోయింది. అది పనివాడి కేక కాదు. దీపం ఆర్పిన గదిలో గోడ అవతల నుంచి వచ్చిన పిలుపు. పలకవలసిన అక్క లేదు.

బ్రష్ ఎక్కడ పడేశాడో ఆయనకే తెలియదు. కుంటికాలు ఈడ్చుకుంటూ మెట్లెక్కాడు. “మామా, నీకెందుకు, ఆగు” అని మేస్త్రి కేకలు వేస్తూనే ఉన్నాడు. స్టూలు ఎక్కలేని మనిషి అంతస్తు మీద అంతస్తు ఎక్కి, డాబా తలుపు తోశాడు. గాలి ముఖాన్ని కొట్టింది. నిలబడి నడవడం తన వల్ల కాదని తెలిసిపోయింది. నేల మీద బోర్లా పడి పాకాడు. “దేవుడా, ఉన్నావా?” అన్నాడు. జవాబు కోసం ఆగడానికి తీరిక లేదు, పాకుతూనే ఉన్నాడు. గుంజ మీద చుట్లు జారుతున్నాయి. కొస ఎగిరి కొట్టుకుంటోంది. దాన్ని ఒడిసి పట్టి, నడుముకు తిప్పుకుని, మంచి కాలు గుంజకు తన్నిపెట్టి కూర్చున్నాడు.

“ఉన్నావా? అక్కడ ఎవరన్నా ఉన్నారా?”

“ఉన్నా!”

కిందున్నవాడు ఆ గొంతు విన్నాడు. అంత గాలిలోనూ పోల్చుకున్నాడు.

“బావా? నువ్వా?”

“మరెవరు? తాడు నా చేతిలో ఉంది. కొక్కెం తియ్యి, దింపుతా.”

కొక్కెం తియ్యలేదు. ఎలా తీస్తాడు? తాను ఏం చేశాడో వాడికి తెలుసు. “బావా... నన్ను...” అని ఏదో అనబోయాడు.

“నిన్ను పడెయ్యాలనుకుంటే ఈ కాలుతో ఇన్ని మెట్లు ఎక్కుతానంట్రా, సన్నాసీ? కింద కూర్చునే చూసేవాణ్ణి. తియ్యి!”

కొక్కెం ఊడిన చప్పుడు ఇనుము మీద వినిపించింది. మరుక్షణం వాడి బరువంతా వచ్చి ఈయన నడుము మీద పడింది. భుజాన ఎక్కించుకుని తిప్పిన బరువే, ఇప్పుడు పెద్దదైంది. తాడు అరచేతులను కోసేస్తోంది. పళ్లు బిగించి, కొంచెం కొంచెంగా వదలసాగాడు.

“బావా, ఉన్నావా?”

పలకలేదు. పలకాలంటే ఊపిరి కావాలి, ఊపిరంతా తాడులో ఉంది.

“ఉన్నావా బావా? పలుకు బావా! బావా!”

వాడు కింద ఏడుస్తున్నాడు. ఈయన నోరు విప్పలేదు. నోరు విప్పితే చెయ్యి జారుతుంది. పిచ్చివాడా, పలకడంలేదంటే వదిలేశాననా? పట్టుకున్నాను కాబట్టే పలకడంలేదురా. అలా అనుకుంటూ ఉండగానే, ఆ మాట తనకే వచ్చి తగిలింది. ఇన్నాళ్లూ ఆ చీకటి గదిలో తాను అరిచిన అరుపులన్నీ గుర్తొచ్చాయి. కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అలాగే ఏడుస్తూ, అలాగే తాడు వదులుతూ కూర్చున్నాడు.

తాడు తేలికైంది. కింద నుంచి జనం కేకలు వినిపించాయి. వాడు నేల మీద ఉన్నాడు.

గాలి తగ్గాక చాలాసేపు ఆయన గుంజను ఆనుకుని అక్కడే ఉన్నాడు. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. బావమరిది వచ్చి, ఒళ్లంతా దుమ్ముతో, మోచేతులు గీరుకుపోయి, దూరంగా నిలబడ్డాడు. ముందు బావ అరచేతుల వైపు చూశాడు. తర్వాత ఎక్కడ చూడాలో తెలియలేదు.

“మేస్త్రికి చెప్పేస్తా బావా. నిజం చెప్పేస్తా. ఆ రోజు నేను...”

“చెప్పు. నాకు చెప్పడం దేనికి? నాకు తెలుసుగా.”

వాడు పిట్టగోడ దగ్గరకు పోయాడు. కింద వాకిట్లో అందరూ తలెత్తి చూస్తున్నారు. “మేస్త్రిగారూ! ఆ రోజు బావ తాగలేదు! నేనే తాడు దగ్గర లేను! లేకుండానే ఉన్నానన్నాను!” అని గొంతు చించుకుని అరిచాడు. చాటుగా చెప్పిన అబద్ధాన్ని మేడ ఎక్కి వెనక్కి తీసుకున్నాడు. ఆ ఒక్కటీ బాగా చేశాడు. మేస్త్రి తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు.

బావమరిది వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. “మళ్లీ మనిద్దరం చేద్దాం బావా. రేపటి నుంచే. నువ్వు కింద, నేను పైన. ఈసారి చేతులు తెగినా వదలను. అక్క మీద ఒట్టు.”

ఉయ్యాల మామయ్య వాడి ముఖంలోకి చాలాసేపు చూశాడు. అక్క కళ్లే. ఒప్పుకోవాలని ఎంతగా అనిపించిందో చెప్పలేం. మధ్యాహ్నం డబ్బా, ఇద్దరి మాటలు, గదిలో బల్బు మార్చేవాడు. అంతా కళ్ల ముందు కదిలింది. తల అడ్డంగా ఊపాడు.

“నువ్వు పలక మీద కూర్చో, నేను పైన తాడు పడతా. ఎప్పుడు పిలిచినా వచ్చి పడతా. నీ చేతి తాడు మీద మాత్రం ఇక కూర్చోలేనురా. కోపం కాదు. ఒళ్లు ఒప్పుకోదు.”

వాడు తల దించుకున్నాడు. “మరి నీ తాడు ఎవరు పడతారు బావా?” అన్నాడు.

ఆయన గుంజ పట్టుకుని లేచాడు. తోలు లేచిన అరచేతిని చొక్కాకు అద్దుకున్నాడు.

“ఉన్నాడులే ఒకాయన. పలకడు, అంతే” అని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ, గేటు పని ముగించడానికి కిందికి దిగాడు.